వారమున కొక్క గంట

‘వారము’ అను చిన్న మాటలో తెలుగువారు మూడు అర్థములను ఇమిడ్చి పెట్టుకొనిరి. సోమవారము, మంగళవారము అనునప్పుడు అది ఒక దినము. ‘వారము తిరుగకముందే బాకీ తీర్చెదను’ అనునప్పుడు ఏడు దినముల కూర్పు. ‘అతడు వారాలు చేసికొని చదువుకొన్నవాడు’ అనునప్పుడు ఒకరి యింట ఒక దినపు భోజనము. ఈ మూడవ అర్థము నేటి యువకులలో పలువురికి తెలియదు. తెలియకపోవుట మంచిదే, ఆకలితో చదువుకొనువారు తగ్గిరని దానికి అర్థము. కాని ఒక తరము వెనుకటి వృద్ధులను కదిపినచో, పల్లె విడిచి పట్టణమునకు చదువునకై వచ్చిన పేద బాలుడు ఆదివారము వకీలుగారి యింట, సోమవారము గుమాస్తాగారి యింట, మంగళవారము వైద్యునింట విస్తరి ముందు కూర్చుండి, ఏడు గడపల అన్నముతో ఒక పరీక్ష గట్టెక్కిన కథలు ఎన్నియైనను వినవచ్చును. ఏ గృహస్థునకును అది మోయలేని భారము కాదు. ఏ గృహస్థుడును తానొక్కడే ఆ బాలుని చదివించితినని చెప్పుకొనుటకు వీలు లేదు. అధ్యక్షుడు లేడు, కార్యదర్శి లేడు, చందా పుస్తకము లేదు. ఉన్నదెల్ల వంతు, ఆ వంతు తప్పరాదన్న పట్టింపు. ఒక యింట పురుడో మైలయో వచ్చి ఆ దినపు వారము తప్పినయెడల, పొరుగింటి యిల్లాలు మాట్లాడక ఒక విస్తరి ఎక్కువ వేసెడిది.

ఆ ఆచారమునకు గల అవధిని కూడ చెప్పవలెను. ఆ గడపలు అందరికిని తెరచుకొన్నవి కావు. కులమును బట్టియే విస్తరి పడెను. పంక్తిలో చోటు లేనివారికి వారాలును లేవు. ఈ లోపమును పూరించుటకే తరువాతి కాలమున వసతిగృహములు, సంఘములు, పాఠశాలలు పుట్టవలసివచ్చెను.

చిత్రమేమనగా, 1905వ సంవత్సరము ఫిబ్రవరి 23వ తేదీన అమెరికా దేశమందలి చికాగో నగరమున పాల్ హారిస్ అను న్యాయవాది, బొగ్గు వర్తకుడు సిల్వెస్టర్ షీల్, గనుల ఇంజనీరు గస్టేవస్ లోయర్, దుస్తులు కుట్టించు వ్యాపారి హైరమ్ షోరే అను మువ్వురు మిత్రులతో కూడి, లోయర్ కార్యాలయపు గదిలో కూర్చుండి ఏర్పరచుకొన్న నియమము కూడ వంతుల నియమమే. ఒక సమావేశము ఒకరి కార్యాలయమున, తరువాతిది మరియొకరి కార్యాలయమున. ఆ తిరుగుడును బట్టియే దానికి రోటరీ అను పేరు కలిగెను. మన దేశమున ఆకలిగొన్నవాడు ఇల్లిల్లు తిరిగెను. అచ్చట కడుపు నిండినవారు గదిగదికి తిరిగిరి. మొదట వారి యుద్దేశము సేవ కానేకాదు. ఊరు కాని ఊరిలో బ్రతుకుతెరువు వెదకుకొనుచున్న నడివయసువారు స్నేహమునకును, దానితోబాటు కొంత వ్యాపారలాభమునకును ఏర్పరచుకొన్న కూటమి అది. తరువాత రెండు సంవత్సరములకే నగరసభా భవనమునకు చేరువలో ప్రజల కొరకు మరుగుదొడ్లు కట్టింపవలెనని వారు ఉద్యమించిరి. ప్రపంచమంతట వ్యాపించిన ఆ సంస్థ చేసిన మొదటి లోకోపకారము ఇంతటి నిరాడంబరమైనదని తలచినప్పుడు నాకు దానిపై గౌరవము హెచ్చుచున్నది. రోటరీ పుట్టిన పండ్రెండేండ్లకు, 1917లో, అదే నగరమున బీమా వ్యాపారియైన మెల్విన్ జోన్సు పూనికతో లయన్స్ సంఘము పుట్టెను. ఇక్కడ ఒక మాట ప్రక్కదారి పట్టి చెప్పెదను. 1893వ సంవత్సరము ఫిబ్రవరి 13వ తేదీన వివేకానందస్వామి సికింద్రాబాదు మహబూబ్ కళాశాలలో తన పాశ్చాత్యదేశ యాత్రను గురించి ఉపన్యసించి, ఆ యేడే చికాగోకు వెడలెను. మనము చికాగోకు ఒక సన్యాసిని పంపితిమి. చికాగో మనకు రెండు క్లబ్బులను పంపెను. లెక్క సరిపోయినదో లేదో పాఠకులే తేల్చుకొందురు గాక.

రోటరీ 1919లో కలకత్తాకును, 1929లో మదరాసుకును వచ్చెను. లయన్స్ 1956లో బొంబాయిలో అడుగిడెను. అచ్చటినుండి తెలుగు జిల్లాల పట్టణములకు ప్రాకుటకు ఎంతయో కాలము పట్టలేదు. ధాన్యపు మిల్లుల యజమానులు, వకీళ్లు, డాక్టర్లు, పొగాకు వర్తకులు, సినిమాహాళ్ల యజమానులు అందులో చేరిరి. వారి వారపు సమావేశమునకు ఒక తంతు కలదు. అధ్యక్షుని మెడలో కాలర్ అను పతకముల మాల. బల్లపై ఒక గంట. ఆ గంట మ్రోగినగాని సభ మొదలు కాదు, మరల మ్రోగినగాని ముగియదు. లయన్స్ సభలో టెయిల్ ట్విస్టర్ అను ఒక విచిత్రమైన పదవి కూడ కలదు. ఆలస్యముగా వచ్చినవారికిని, పిన్ను పెట్టుకొనుట మరచినవారికిని నవ్వుచు నవ్వించుచు జుల్మానా వేయుట అతని విధి. సభానంతరము జరుగు విందును ఫెలోషిప్ అందురు. ఒక వారము తమ క్లబ్బునకు రాలేనివాడు మరియొక ఊరి క్లబ్బులో కూర్చుండి హాజరు వేయించుకొని వచ్చినయెడల దానిని మేకప్ అందురు. వరుసగా నాలుగు సమావేశములు తప్పినవాని సభ్యత్వమునకే మోసము వచ్చెడి కాలము అది. జూలై మొదటి తేదీతో పాత అధ్యక్షుని కాలర్ క్రొత్త అధ్యక్షుని మెడకు మారును. ఎంతటి సమర్థుడైనను ఏడాదికి మించి ఆ పీఠముపై నుండరాదు. మన దేశమందలి తక్కిన సంఘములలో ఒకసారి అధ్యక్షుడైనవాడు పాడె ఎక్కువరకును దిగని సంప్రదాయమును ఎరిగినవారికి ఈ యొక్క నియమమే ఎంత గొప్పదో తెలియును.

ఆ తంతును చూచి నవ్వుకొన్నవారు ఆనాడును కలరు, నేడును కలరు. దొరల వేషమని కొందరు, ధనికుల కాలక్షేపమని కొందరు నిందించిరి. స్త్రీలకు అందు ప్రవేశము లేకుండుట కేవలము నింద కాదు, నిజము. అమెరికా అత్యున్నత న్యాయస్థానము 1987వ సంవత్సరము మే 4వ తేదీన తీర్పు చెప్పువరకును రోటరీ ద్వారము వారికి మూసియే యుండెను. తెలుగు స్త్రీలు అంతకాలము ఎవరి అనుమతికొరకును కాచుకొని కూర్చుండలేదు. దుర్గాబాయమ్మ మదరాసులో ఆంధ్ర మహిళాసభను 1937లోనే నెలకొల్పినది.

హైదరాబాదు సంగతి వేరు. ఇచ్చట సేవాసంఘముల చరిత్ర భోజనపు బల్లనుండి మొదలు కాలేదు, పుస్తకపు బీరువానుండి మొదలయ్యెను. 1901వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన రావిచెట్టు రంగారావుగారి యింట శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. 1906లో భాగ్యరెడ్డివర్మ జగన్మిత్ర మండలిని స్థాపించి, హరికథలతోడను సభలతోడను ఆదిహిందువుల వాడలలో చైతన్యము కలిగించి, తదుపరి వారి బిడ్డలకు తెలుగు బడులు తెరపించెను. వారాలు దొరకనివారికి ఆయన బడి దొరికెను. 1918లో కొత్వాలు వెంకటరామారెడ్డిగారి పూనికతో రెడ్డి వసతిగృహము లేచెను. 1921 నవంబరులో వివేకవర్ధినిలో జరిగిన సంఘసంస్కరణ సభలో తెలుగున మాట్లాడబోయిన ఒక వకీలును గేలిచేసి కూర్చుండబెట్టగా, ఆ అవమానమునుండి ఆంధ్ర జనసంఘము జనించెను. దానికి మాడపాటి హనుమంతరావుగారు ప్రాణము పోసిరి. ఈ సంఘములు ఏవియు తమ యిచ్చ వచ్చినట్లు కూడుటకు వీలు లేకుండెను. గస్తీ నిషాన్ 53 అను నిజాము ప్రభుత్వపు ఆజ్ఞ ప్రకారము సర్కారు అనుమతి లేక సభ జరుపరాదు. ప్రతివారము ఒక గంట కూర్చుండి మాటలాడుకొనుట ఒక ఊరిలో ఫలహారముతోడి వినోదము. మరియొక ఊరిలో అదే అర్జీలు పెట్టుకొని సాధింపవలసిన హక్కు.

తెలంగాణమున ఇంకొక చిక్కు కూడ నుండెను. కూలి లేక చేయు పనికి ఇచ్చట ఉన్న పేరు సేవ కాదు, వెట్టి. దొరగారి గడీకి కట్టెలు మోయుట వెట్టి, గిర్దావరు వచ్చినప్పుడు కోళ్లు సమర్పించుట వెట్టి, రాత్రివేళ కచ్చడపు బండి వెంట దివిటీ పట్టుకొని పరుగెత్తుట వెట్టి. తరతరములు అట్లు పనిచేసిన జనము ముందర ‘జీతము లేక పనిచేయుడు’ అని పలుకుటకు ఎంత ధైర్యము కావలెను! 1951వ సంవత్సరము ఏప్రిల్ 18వ తేదీన పోచంపల్లిలో వినోబాభావే అడుగగా వెదిరె రామచంద్రారెడ్డిగారు నూరు ఎకరములు దానమిచ్చిన వార్త లోకమంతయు వ్యాపించినది. శ్రమదానమను మాటయు ఆ రోజులలోనే పల్లెలకెక్కినది. దానమునకును వెట్టికిని భేదము చేయు పనిలో లేదు, ‘కాదు’ అనుటకు గల స్వేచ్ఛలో నున్నది. ఈ మాటను ఇచ్చట పెట్టి ముందునకు పోయెదను; మరల దీనితో పని పడును.

ఇక నేను చెప్పదలచిన చోటికి వచ్చెదను. మాదాపురము, కొండాపురము, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ, ఖాజాగూడ — ఇవి ముప్పదియేండ్ల క్రిందట గుండ్రాళ్ల నడుమ చెదరి యున్న పల్లెలు. రాయదుర్గము అను నొక్క పేరుగల ఊరు రెవెన్యూ దస్తరములలో పాయెగా, పాన్‌మక్తా, నవ్ ఖాల్సా అని మూడు తునకలై యున్నది: ఒకటి పాయెగా ఉమరావులది, ఒకటి నిర్ణీతమైన మొత్తము కట్టి అనుభవించు మక్తా, ఒకటి సర్కారుది. నేటికిని అద్దాల మేడల దస్తావేజులలో ఈ పేర్లే కనబడుచున్నవి. లోపల పనిచేయు ఇంజనీరునకు తాను ఏ నవాబుగారి జమీనుపై కూర్చుండి అమెరికా బ్యాంకు లెక్కలు సరిచేయుచున్నాడో తెలియదు. ఈ ప్రాంతపు దుర్గము చెరువు గోల్కొండ కోటకు నీరందించినదని ప్రసిద్ధి. దీనికి చేరువనే దర్గాలో నిద్రించుచున్న హుస్సేన్ షా వలీ, కుతుబ్ షాహీల కాలమున 1562 ప్రాంతమున హుస్సేన్‌సాగరమును కట్టించిన పనివాడు. రాజాజ్ఞతో త్రవ్వించినను చెరువు జనుల నోట ఆ ఫకీరు పేరనే నిలిచిపోగా, ఇబ్రహీము పాదుషా తన పేరు నిలుపుకొనుటకు ఇబ్రహీంపట్టణమున వేరొక చెరువు కట్టించెనని ప్రతీతి. శిలాఫలకములపై పేర్ల కొరకు తగవులాడు నేటి దాతలు ఒకసారి ఆ దర్గాకు పోయి కూర్చుండి వచ్చిన బాగుండును.

1974లో హైదరాబాదు విశ్వవిద్యాలయము, 1992లో శిల్పారామము వచ్చినను ఈ పల్లెల కాలగతి మారలేదు. 1998వ సంవత్సరము నవంబరు 22వ తేదీన ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించినదాదిగా మారినది. ఊరి స్వరూపము మారినదని అందరును వ్రాసిరి. ఊరి వారము మారినదని వ్రాసినవారు తక్కువ. రైతు వారము అంగడితో తిరుగును; అంగడి దినమే అతనికి సెలవు, సంత, సమావేశము. బేరగాని వారము దుకాణము మూయు దినముతో తిరుగును. సర్కారు నౌకరు వారము ఆదివారముతో ముగియును. ఆ మేడలలో పనిచేయు ఈ క్రొత్త జనమునకు ఐదు దినములు పని, రెండు దినములు సెలవు. ఆ ఐదు దినములలోను పగలు రాత్రియై, రాత్రి పగలైనది. ఎదుటి ఖండమున తెల్లవారునప్పుడు వీరికి మీటింగులు. ఇట్టివానిని గురువారము మధ్యాహ్నము హోటలులో భోజనసభకు రమ్మనుట వ్యర్థము. చికాగో వర్తకుడు తన దుకాణమునకు తానే యజమాని గనుక మధ్యాహ్నము ఒక గంట తలుపు వేసి రాగలిగెను. పట్టణపు డాక్టరు రాత్రి ఎనిమిది గంటలకు ఆసుపత్రి మూసి వచ్చెను. జీతగానికి తన గంట తన చేతిలో లేదు. సేవాసంఘముల చరిత్రయని మనము చెప్పుకొనునది నిజమునకు తీరిక చరిత్ర. ఎవరికి ఏ పూట తీరికయో, ఆ పూటయే సేవకు ముహూర్తము. అందుచేతనే ఈ ఐటీ కారిడార్‌లో సేవకు శనివారము వచ్చినది.

ఇంకొక నియమము కూడ ఇచ్చట చెల్లలేదు. ఒక్కొక్క వృత్తినుండి ఒక్కొక్కనినే చేర్చుకొనవలెనని రోటరీవారి పాత కట్టడి. కాలక్రమమున సడలింపబడినను దాని యందొక సొగసు కలదు — ఊరంతయు ఒక బల్ల చుట్టు కూర్చుండునట్లు చేయుట. మాదాపురమున ఆ కట్టడిని పాటించినయెడల ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరును చేర్చుకొని తలుపు మూసివేయవలసివచ్చును! కాబట్టి ఇచ్చటి సంఘములు పాత క్లబ్బుల మూసలో ఒదుగలేదు. కొన్ని కంపెనీ లోపలనే పుట్టినవి. కొన్ని గేటెడ్ కమ్యూనిటీల వాట్సాప్ గ్రూపులనుండి లేచినవి. కొన్ని పోలీసు ఠాణా అరుగునుండి బయలుదేరినవి. ఈ చివరిదానికి మంచి నిదర్శనము సైబరాబాదు భద్రతా మండలి. ఎస్సీఎస్సీ అనినగాని ఎవరును పోల్చుకొనరు. పోలీసులును ఐటీ సంస్థలును కలిసి 2005 ప్రాంతమున ఏర్పరచుకొన్న ఆ సంఘమునుండియే రాత్రి షిఫ్టుల స్త్రీలకు ఉచితముగా నడచు షీ షటిల్ బస్సులును, కూడలులలో ట్రాఫిక్కును చక్కదిద్దు వాలంటీర్లును వచ్చిరి. లాయరును బొగ్గు వర్తకుడును కలిసిన చోట రోటరీ పుట్టినట్లు, కానిస్టేబులును కోడు వ్రాయువాడును కలిసిన చోట ఇది పుట్టినది. క్యాబు దిగి ఇల్లు చేరువరకును తోడులేని ఆడపిల్ల ఆ యుభయులకును ఉమ్మడి చింత యయ్యెను.

శనివారపు ఉదయము ఈ ప్రాంతమున తిరిగి చూచినవారికి ఇట్టి ఉమ్మడి చింత పెక్కు రూపముల కనబడును. ఒక బృందము చేతులకు తొడుగులు తొడిగికొని చెరువు గట్టున ప్లాస్టిక్ సంచులను ఏరుచుండును. ఒక బృందము నిర్మాణములో నున్న మేడల వెనుక రేకుల గుడిసెలలో పాలమూరు, ఒడిశా, బీహారు కూలీల పిల్లలను చుట్టు కూర్చుండబెట్టుకొని అక్షరములు దిద్దించుచుండును. ఆ పిల్లల తండ్రులు కట్టుచున్న మేడలోనే ఆ గురువునకు రేపు ఫ్లాటు రావచ్చును. ఆ సంగతి ఉభయులకును తెలియును, ఎవరును పలుకరు. ప్రకృతిని ప్రేమించువారు కొందరు రాళ్ల వెంట నడచుదురు. 1996లో స్థాపింపబడిన సొసైటీ టు సేవ్ రాక్స్ అను సంఘము రెండు వందల యేబది కోట్ల సంవత్సరముల నాటి ఈ గుండ్లను క్వారీల సుత్తినుండి కాపాడవలెనని నగరవాసులను నెలనెల రాళ్లవద్దకు నడపించుచు వచ్చినది. కొండను కాపాడుటకు కొండపై నడచుటకంటె వేరు ఉపాయము లేదని వారికి తెలిసియుండవచ్చును. చూడనిదానిని ఎవడు ప్రేమించును?

ఒక శనివారము నేను అట్టి బృందమొకదాని వెంట ఒక ప్రభుత్వ పాఠశాలకు పోయితిని. గేటు వద్ద ఊడ్చుచున్న ఆయమ్మ మమ్ము చూచి, "ఇయ్యాల శనారం గదా సార్, మీరొస్తరని బోరింగు కాడ కడిగి పెట్టిన" అన్నది. బృందమువారు గోడలకు రంగులు వేసిరి, కంప్యూటర్లు బిగించిరి, ఫోటోలు తీసికొనిరి. ఆమె కడిగిన చోటును గురించి ఎవరును మాట్లాడలేదు. రెండు మాసముల తరువాత మరల పోయి చూడగా కంప్యూటర్ల గదికి తాళము. పిల్లలు మాత్రము రంగుల గోడకు ఆనుకొని అన్నము తినుచుండిరి. ఎందుకు తాళమని అడుగగా, నేర్పువారు మరల రాలేదని ఆమె చెప్పినది. ఒక దినమున వెలిగి ఆరిపోవు ఉత్సాహమునకును, వారము వారము వచ్చి కూర్చుండు ఓపికకును గల దూరము ఆ తాళమంత.

ఈ దూరము తక్కిన విషయములలో క్షమింపదగినదే కావచ్చును. రక్తము విషయమున కాదు. ఈ ప్రాంతపు సంఘములు తరచుగా పెట్టునది రక్తదాన శిబిరము గనుక దానిని కొంచెము నెమ్మదిగా చూతము. వెనుకటి కాలమున ఆసుపత్రుల గుమ్మముల ముందర రక్తమమ్ముకొని బ్రతుకువారుండెడివారు. మన దేశపు అత్యున్నత న్యాయస్థానము 1996 జనవరిలో ఇచ్చిన తీర్పు ననుసరించి, 1998వ సంవత్సరము జనవరి 1వ తేదీనుండి ఆ క్రయవిక్రయము నిషిద్ధమయ్యెను. అమ్మువారు లేరు గనుక ఇచ్చువారు కావలసివచ్చిరి. ఆ యేడే అక్టోబరు 2వ తేదీన జూబిలీ హిల్సులో చిరంజీవి రక్తనిధి తెరవబడెను; అభిమానసంఘమను పేర తెర ముందు ఈలలు వేయు యువకులను వరుసగా మంచములపై పడుకొనబెట్టిన ఘనత దానిది. ఆ యేడే తలసేమియా బిడ్డల తల్లిదండ్రులును వైద్యులును కలిసి ఈ నగరమున ఒక సంఘము ఏర్పరచుకొనిరి. ఆ యేడే నవంబరులో సైబర్ టవర్స్. రక్తము కొనరాదన్న కాలమును, ఆరోగ్యవంతులైన యువకులు వేలకొలది ఒక్కచోట చేరిన కాలమును ఒక్కటియే యగుట కాకతాళీయము. ఆ కాకతాళీయమును వినియోగించుకొన్నది మాత్రము మనుష్యులు.

రక్తమునకు తన పంచాంగము తనకు కలదు. దాతనుండి ఒకసారికి 350 లేక 450 మిల్లీలీటర్లు తీయుదురు. తీయుటకు ముందు హిమోగ్లోబిన్ 12.5 ఉన్నదో లేదో చూతురు. రాత్రి షిఫ్టు చేసి, కాఫీతో తెల్లవార్చి వచ్చిన యువతీయువకులలో కొందరు ఈ మొదటి గుమ్మమువద్దనే వెనుకకు మరలుదురు. ఇచ్చిన పురుషుడు మరల మూడు మాసములకు గాని, స్త్రీ నాలుగు మాసములకు గాని ఇయ్యరాదు. తీసిన రక్తమునుండి వేరుచేసిన ఎర్రకణములు శీతలపేటికలో 42 దినములకు మించి నిలువవు. రక్తఫలకికలు, అనగా డెంగీ రోజులలో ప్రతి యింటను వినబడు ప్లేట్‌లెట్లు, ఐదు దినములకే పనికిరాకపోవును. అటు ప్రక్క తలసేమియా బిడ్డకు రెండు మొదలు నాలుగు వారములకొకసారి క్రొత్త రక్తము ఎక్కవలెను — ఈ వేసవి, ఆ వేసవి యని లేక, బ్రతికినంత కాలము. కాలేజీలు మూసి, ఐటీవారు సెలవులకు ఊళ్లకు పోవు ఏప్రిల్, మే మాసములలో రక్తనిధుల అలమరలు ఖాళీ యగును. బిడ్డ శరీరము సెలవు నెరుగదు.

ఇట్టి పంచాంగమును ఎదుట పెట్టుకొని చూచినప్పుడు, సంవత్సరమున కొకసారి ఫ్లెక్సీలు కట్టి, గవర్నరును పిలిచి, వేయిమందిని ఒక్కనాడే పడుకొనబెట్టు ‘మెగా రక్తదాన శిబిరము’ నాకు మెచ్చదగినదిగా తోపదు. వేయి సంచులు నలుబది రెండు దినములలో కరగును, లేదా గడువు మీరి పారవేయబడును. ఆ వేయిమంది మూడు మాసములవరకు మరల ఉపయోగపడరు. పదిమంది చొప్పున ప్రతి శనివారము, పేర్లు వ్రాసికొని, వంతు తప్పక వచ్చినయెడల అదే నిజమైన సాయము. దానికి ఫోటో లేదు, రికార్డు లేదు. ఏడు గడపల అన్నమునకును లేదు. 2020 మార్చిలో దేశమంతట లాక్‌డౌన్ విధింపబడి కంపెనీలు మూతపడినప్పుడు ఈ భేదము కంటికి కట్టినట్లు కనబడెను. పెద్ద శిబిరములన్నియు ఆగిపోయెను. సైబరాబాదు పోలీసులును ఎస్సీఎస్సీ వారును తలసేమియా బిడ్డల కొరకు దాతలను పేరుపేరున పిలిచి, దూరదూరముగా కూర్చుండబెట్టి, కొంచెము కొంచెముగా రక్తము సమకూర్చిరి.

పాత క్లబ్బులను నేను తీసివేయుట లేదు. రోటరీ 1985లో చేపట్టిన పోలియో నిర్మూలనము ఒక్కటియే చాలును వాటి పరువు నిలుపుటకు. మన దేశమున పల్స్ పోలియో 1995లో మొదలయ్యెను. కడపటి వ్యాధిగ్రస్తురాలు 2011 జనవరి 13న హౌరాలో బయల్పడిన పిదప, 2014 మార్చి 27న మన దేశము పోలియోరహితమని ధ్రువపడెను. ఆ నడుమ ఆ క్లబ్బులవారు ఎన్ని ఆదివారములు బస్టాండులలో, ఇటుకబట్టీలలో, అమ్మవారి జాతరలలో రెండు చుక్కల సీసా పట్టుకొని నిలుచున్నారో లెక్కింపలేము. 2016లో అంబరుపేట మురుగునీటిలో టీకానుండి పుట్టిన పోలియో క్రిమి కనబడగా జూన్ మాసమున హైదరాబాదు, రంగారెడ్డి జిల్లాలలో మరల పిల్లలకు సూదిమందు వేయవలసివచ్చెను. సమసినదనుకొన్నదానికొరకు మరల తెల్లవారుజామున లేచుట కష్టము. అదే యేడు రోటరీవారు తమ పాత కట్టడిని సడలించి, వారము వారము కూడనక్కర లేదు, నెలకు రెండుమారులు చాలునని క్లబ్బులకు స్వేచ్ఛనిచ్చిరి. కాలానుగుణమైన మార్పే. తరువాత తెరలపై సమావేశములు వచ్చెను. గంట మ్రోగించుటకు బల్ల లేదు గనుక అధ్యక్షుడు మైకు వద్ద చిన్న గంట నాడించుటయు, ఆ ధ్వని సగము మందికి వినబడకపోవుటయు జరిగెను.

వెట్టిని గురించి మరల మాట్లాడవలెనని చెప్పియుంటిని. 2013వ సంవత్సరపు కంపెనీల చట్టములోని 135వ విభాగము, 2014 ఏప్రిల్ 1నుండి, పెద్ద కంపెనీలు తమ మూడేండ్ల సగటు లాభములో నూటికి రెండు వంతులు లోకహితమునకు వెచ్చింపవలెనని విధించినది. ధనమునకు విధి పెట్టుట న్యాయమే. సమయమునకు విధి పెట్టుట నాకు సందేహము. ఉద్యోగి ఏడాదికి ఇన్ని గంటలు సేవ చేయవలెనని, చేసిన గంటలను వార్షిక మదింపులో చూపవలెనని కొన్నిచోట్ల చెప్పుచుందురు. మేనేజరు పిలిచినప్పుడు మొక్క నాటుటకు ‘రాను’ అనలేని పిల్లవాని ముఖమున గడీ ముందర నిలుచున్న ముత్తాత ఛాయ నాకు తోచినది. ఇది కఠినమైన మాట యని ఒక మిత్రుడు నన్ను మందలించెను. "అయ్యా, బలవంతముగా వచ్చినవారే పదింట ఇద్దరు మరుసటి శనివారము తమంతట తామే వచ్చిరి, వారిని ఏమందురు?" అని అడిగెను. నాకు జవాబు తోచలేదు. వెట్టికి పోయినవాడెవడును రెండవమారు కోరిపోయిన దాఖలా లేదు.

ఆ మిత్రుని బృందమువారు తమ రక్తదాతల వంతుల పట్టికను గూగుల్ షీటులో పెట్టుకొన్నారు. ఎడమ ప్రక్క తేదీలు, కుడిప్రక్క పేర్లు. కొన్ని తేదీలకు ఎదుట గ్రూపు గుర్తులు, ఫోను నంబర్లు. ఆయన నాకు దానిని తెరచి చూపిన రాత్రి రానున్న శనివారపు గడులు రెండు ఖాళీగా నుండెను. ఆ శనివారమే ఒక యెనిమిదేండ్ల పిల్లకు రక్తము ఎక్కవలసిన దినము. కిందటిసారి ఎక్కి ఇరువది యొక్క దినములు నిండును. మేము ఏదో మాటలాడుకొనుచుండగా, పదకొండు గంటలు దాటిన పిదప, ఎవరో తెలియదు, ఒక మీటింగు ముగిసి ఇంకొక మీటింగు మొదలగు సందున కాబోలు, మొదటి గడిలో ఒక పేరు ఒక్కొక్క అక్షరముగా పడజొచ్చెను. రెండవ గడి అప్పటికి ఖాళీయే.